బీపీ బిళ్ల వద్దంటారు, సెల్ టవర్‌కు భయపడతారు: పెద్దవాళ్లు ఇలా ఎందుకు ఆలోచిస్తారు?

ప్రశ్న క్లుప్తంగా: మా నాన్నగారికి 59 ఏళ్లు, తెనాలిలో ఉంటారు. ఏడాది నుంచి బీపీ 170/100 దగ్గరే ఉంటోంది. "నాకేం బాగాలేదని? బిళ్ల మొదలుపెడితే జీవితాంతం మానలేం" అంటారు, వేసుకోరు. భోజనం కాగానే వక్కపొడి మాత్రం తప్పదు. అదే మనిషి వెనక వీధిలో సెల్ టవర్ పెట్టారని, రేడియేషన్ వల్ల క్యాన్సర్ వస్తుందని ఇల్లు అమ్మేద్దామంటున్నారు. పక్షవాతం వీడియోలు ఎన్ని చూపించినా బీపీ సంగతి తలకెక్కడం లేదు. అమ్మకు రొమ్ములో చిన్న గడ్డలా తగులుతోందట, ఆమె కూడా డాక్టర్ దగ్గరికి రానంటోంది. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఎందుకిలా? వీళ్లకు ఎలా చెప్పాలి?

సమాధానం:

ముందు మీరు చివర్లో ఒక్క వాక్యంతో వదిలేసిన అమ్మగారి సంగతి. నాన్నగారి బీపీ గురించి వివరంగా మాట్లాడుకుందాం, కానీ ఈ గడ్డ విషయం ఈ వారం దాటనివ్వకండి. రొమ్ములో తగిలే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. అయినా ఆ వయసులో కొత్తగా గడ్డ కనిపిస్తే "చూద్దాంలే" అనడానికి లేదు. చేసేది పెద్ద తతంగమేమీ కాదు. డాక్టర్ చేత్తో చూస్తారు, మామోగ్రామ్ గానీ అల్ట్రాసౌండ్ గానీ తీస్తారు, అనుమానం ఉంటే గడ్డలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఈ మూడూ కలిపి చూస్తే దాదాపు ఎప్పుడూ విషయం తేలిపోతుంది.

ఆమె రానంటోందంటే ఆ జబ్బును తేలిగ్గా తీసుకుంటోందని అనుకోకండి. భయం లేనిది మీ నాన్నగారికి, బీపీ విషయంలో. అమ్మగారికి భయం నిండా ఉంది. "ఒకవేళ అదే అని తేలితే ఏం చేస్తాం? తెలియకపోతే ఉన్నన్నాళ్లు ప్రశాంతంగా ఉంటాను" అనే మాట నా దగ్గరికి వచ్చిన ఎంతోమంది ఆడవాళ్ల నోట విన్నాను. క్యాన్సర్ అంటే చావే అని, మనం చేయగలిగింది ఏమీ లేదని నమ్మినప్పుడు పరీక్షకు దూరంగా ఉండటమే వాళ్లకు తెలివైన పనిగా తోస్తుంది. అలాంటి మనిషికి క్యాన్సర్ ఎంత ప్రమాదమో చెబితే కాళ్లు ఇంకా వెనక్కి పడతాయి. చెప్పాల్సింది రెండోవైపు, అంటే ఏం చేయవచ్చో.

మన దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కల ప్రకారం, జబ్బు రొమ్ములోనే ఉండగా పట్టుకున్నవాళ్లలో అయిదేళ్ల తర్వాత కూడా 100కి 80 మంది దాకా బతికే ఉంటున్నారు. వేరే అవయవాలకు పాకాక వచ్చినవాళ్లలో ఆ సంఖ్య 20 లోపే. ఈ ఒక్క తేడా ఆమెకు చెప్పండి. సూది గుచ్చితే, కత్తి పెడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం ఉంది. ఆమె మనసులో అదే ఉందేమో నెమ్మదిగా అడగండి. అది నిజం కాదు. చాలామంది జబ్బు ముదిరాకే ఆసుపత్రికి వస్తారు, అప్పటికే పాకిన జబ్బు ఆపరేషన్ తర్వాత బయటపడుతుంది, నింద కత్తి మీద పడుతుంది. ఖర్చు గురించి కూడా నోరు తెరిచి చెప్పండి. అప్పుల పాలు చేస్తానేమోనన్న బెంగతో చెప్పకుండా దాచుకునే తల్లులు ఎందరో. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ చికిత్స అందుతుంది. మీకు దగ్గర్లోనే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో (జీజీహెచ్) క్యాన్సర్ విభాగం ఉంది. "ఎప్పుడైనా వెళ్దాం" అనకుండా "గురువారం పొద్దున నేను సెలవు పెట్టాను, ఇద్దరం కలిసి వెళ్తున్నాం" అనండి. ఇంట్లో ఆడపడుచో, చెల్లెలో, వదినో వెంట వస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. నేను చాలా కాలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) పనిచేసి, తర్వాత మెడికల్ కాలేజీలో సామాజిక వైద్యం చెప్పాను. చదువుకు, ఈ భయాలకు పెద్దగా సంబంధం లేదని అప్పుడే అర్థమైంది. ఏ జబ్బు గురించి విన్నా మనసు రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఇది ఎంత పెద్ద ముప్పు? దీని విషయంలో నా చేతిలో ఏమైనా ఉందా? రెండూ వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు "చాలా పెద్దది" అయి, రెండోదానికి "ఏమీ లేదు" అయితే మనిషి మీ అమ్మగారిలా ముడుచుకుపోతాడు. మొదటిదానికి "చిన్నదే", రెండోదానికి "అంతా నా చేతిలోనే ఉంది" అనుకుంటే మీ నాన్నగారిలా ధీమాగా ఉంటాడు. మీరు వీడియోలతో ఇద్దరికీ ఒకటే మందు వేస్తున్నారు, భయం.

ముప్పు పెద్దదా చిన్నదా అన్నది జనం చావుల లెక్క చూసి తేల్చుకోరు. దీని మీద అమెరికాలోని ఆరెగాన్‌లో పాల్ స్లోవిక్, బరూక్ ఫిష్‌హాఫ్, సారా లిక్టెన్‌స్టైన్ బృందం 1970ల నుంచి చేసిన పని ఇప్పటికీ చదవదగ్గది. ముప్పై రకాల పనులను, వస్తువులను ముందుపెట్టి ఏది ఎంత ప్రమాదమో వరుస పెట్టమన్నారు. మహిళా ఓటర్ల సంఘం సభ్యులు, కాలేజీ విద్యార్థులు అణు విద్యుత్తును మొదటి స్థానంలో పెట్టారు. నిపుణులు దాన్ని 20వ స్థానంలో పెట్టారు. ఎక్స్‌రేల దగ్గర కథ తిరగబడింది. నిపుణులకు అవి 7వ స్థానం, మహిళా ఓటర్లకు 22వ స్థానం. రెండింటిలోనూ రేడియేషనే. ఒకటి ఎవరో పెద్ద సంస్థ మన నెత్తిన పెట్టింది, పేలితే ఊళ్లకు ఊళ్లు పోతాయనిపించేది. ఇంకోటి మన డాక్టర్ మన కోసం రాసింది, రిపోర్టు మన చేతికి వచ్చేది. మన దగ్గర కూడా చూడండి, టవర్ అంటే వణికే మనిషి తలనొప్పితో వచ్చి "ఎందుకైనా మంచిది, ఒక స్కానింగ్ రాయండి సార్" అని పట్టుబడతాడు. సీటీ స్కాన్‌లో వాడేది ఎక్స్‌రేలే, వాటికి ఉన్నంత శక్తి టవర్ తరంగాలకు లేదు.

వాళ్లు తేల్చింది ఏమిటంటే, జనం ముప్పును తూచేటప్పుడు చావుల సంఖ్యతో పాటు ఇంకా చాలా చూస్తారు. దాన్ని నేను ఎంచుకున్నానా, నా మీద రుద్దారా? కంటికి కనిపిస్తుందా? పాతదా, కొత్తదా? పిల్లలకు తగులుతుందా? లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికా? ఒక్కసారిగా చాలామందిని తీసుకుపోతుందా? రుద్దారు, కనిపించదు, కొత్తది, పిల్లలకు తగులుతుంది లాంటి జవాబులు ఎన్ని వస్తే భయం అంత పెరుగుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయినప్పుడు, అదే ఏడాది డిసెంబర్‌లో ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు ఆ భయం ఎలా ఉంటుందో మనందరం చూశాం. దేశం మొత్తం మీద 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే చెప్పింది. అంటే రోజుకు 460 మంది పైనే. దానికి ఎవరి ఇంట్లోనూ అంత వణుకు పుట్టదు. బండి హ్యాండిల్ మన చేతిలో ఉంది కదా.

ఈ వెలుగులో మీ నాన్నగారి టవర్ భయం చూడండి. ఆయన్ను అడగకుండా పెట్టారు. అద్దె వేరేవాళ్లకు వస్తుంది. తరంగాలు కనిపించవు. క్యాన్సర్ అనే మాట తోడైంది. ఆయన స్థానంలో ఎవరికైనా భయం పుట్టడానికి ఇవి చాలు. అందుకే "మీకు సైన్సు తెలియదు" అంటూ మొదలుపెట్టకండి. ఆయన బాధలో సగం నిజమైనదే. తన ఇంటి వెనక ఏం పెట్టాలో తనను ఎవరూ అడగలేదన్నది న్యాయమైన కోపం.

మిగతా సగానికి జవాబు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో సెల్‌ఫోన్ రకం తరంగాలను 2బి తరగతిలో పెట్టింది. అంటే క్యాన్సర్ కారకం అయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేం, రుజువు మాత్రం బలహీనం. మొత్తం కలబంద ఆకు సారం కూడా ఆ 2బి తరగతిలోనే ఉంది. రుజువు గట్టిగా ఉన్నవాటిని మొదటి తరగతిలో పెడతారు. పొగాకు అందులో ఉంది. ఉత్త వక్క కూడా, పొగాకు కలపకపోయినా, 2004 నుంచి అందులోనే ఉంది. ఆయన రోజూ భోజనం తర్వాత నోట్లో వేసుకునేది మొదటి తరగతి, వెనక వీధిలో ఉన్నది 2బి. ఈ తరగతులు రుజువు ఎంత గట్టిదో చెబుతాయి గానీ, ఎంత మోతాదుకు ఎంత ముప్పో చెప్పవు. అది కూడా ఆయనకు చెప్పండి, లేకపోతే రేపు ఇంకో వార్త చూసి కంగారు పడతారు. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు. టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ అనే పోర్టల్‌లో మన చుట్టుపక్కల టవర్ల వివరాలు చూసుకోవచ్చు, రుసుము కట్టి మన ఇంటి దగ్గర కొలిపించుకోవచ్చు కూడా. ఇల్లు అమ్ముకోవడం కంటే అది చాలా చవక. వాదన గెలవడం కోసం ఇది చెప్పడం లేదు. కొలత తన కళ్ల ముందు జరిగితే, తన చేతిలో ఏమీ లేదన్న బాధ తగ్గుతుంది. ఆయన భయానికి వేరు అక్కడే ఉంది.

అడగకుండా చేయడం వల్ల ఎంత నష్టమో చెప్పడానికి మన నేల మీదే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం ప్రాంతాల్లో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా ఒక ప్రాజెక్టుగా వేశారు. గుజరాత్‌లోని వడోదరలోనూ వేశారు. ఆ తర్వాత కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. విచారణలో ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదు. నీళ్లలో మునగడం, పాము కాటు, పురుగుమందు తాగడం లాంటి వేరే కారణాలు బయటపడ్డాయి. కానీ అదే విచారణల్లో ఇంకో విషయం కూడా బయటపడింది. ఆశ్రమ పాఠశాలల్లో చాలామంది పిల్లలకు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. ఆ గిరిజన తల్లిదండ్రులకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? మన దేశంలో ఆ క్యాన్సర్‌తో 2020లో దాదాపు 77,000 మంది ఆడవాళ్లు చనిపోయినట్టు అంచనా. టీకా మంచిదే. కానీ అడగకుండా వేసిన మంచి మందు కూడా జనం కళ్లకు ముప్పుగానే కనిపిస్తుంది. ఆ మచ్చ మాసిపోవడానికి ఏళ్లు పట్టింది. నా విద్యార్థులకు ఈ ఒక్క పాఠం మాత్రం ప్రతి బ్యాచ్‌లోనూ చెప్పేవాణ్ని.

ఇక బీపీ. దీనిలో పైన చెప్పిన భయం లక్షణాలు చాలావరకు లేవు. కొత్తది కాదు, ప్రతి ఇంట్లో ఒకరికి ఉంది. ఎవరూ రుద్దలేదు. నొప్పి లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ప్రచురించిన సర్వేలో మన దేశంలో పెద్దవాళ్లలో 35 శాతం మందికి పైగా బీపీ ఉందని తేలింది. అంత మామూలైపోయిన దానికి ఎవరు భయపడతారు? ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలను చూశాను. అంగిట్లో తెల్లమచ్చ కనిపిస్తున్నా "మా అమ్మ కూడా ఇలాగే తాగింది" అనేవారు. అలవాటైన ముప్పు కంటికి ఆనదు.

బీపీకి ఇంకో చిక్కు ఉంది. అది పెరిగితే తమకు తెలిసిపోతుందని జనం నమ్ముతారు. "తల తిరగడం లేదు, కళ్లు బైర్లు కమ్మడం లేదు, బీపీ ఎక్కడిది?" మన ఊళ్ల నమ్మకమే కాదు ఇది. 1985లో అమెరికాలో మేయర్, లెవెంతాల్, గట్‌మన్ అనే పరిశోధకులు బీపీ రోగులను అడిగితే, "బీపీ పెరిగితే మనిషికి తెలియదు" అన్న మాటను 80 శాతం మంది ఒప్పుకున్నారు. కానీ "మీ సంగతి?" అంటే, చాలా కాలంగా మందు వాడుతున్నవాళ్లలో సుమారు 90 శాతం మంది తమకు మాత్రం తెలుస్తుందన్నారు. తలనొప్పి వచ్చినప్పుడో, టెన్షన్ పడినప్పుడో బిళ్ల వేసుకుంటారు, బాగున్నప్పుడు మానేస్తారు. మీ నాన్నగారు "నాకేం బాగాలేదని" అనడం ఇదే. 170 దగ్గర ఉన్న బీపీ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా మెదడు రక్తనాళాలను, గుండెను, కిడ్నీలను పాడుచేస్తుంది. మొదటి లక్షణమే పక్షవాతం కావచ్చు.

"నా చేతిలోనే ఉంది" అన్న నమ్మకం కూడా ఒక్కోసారి ప్రమాదమే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త నీల్ వైన్‌స్టైన్ 1980లలో చేసిన పరిశోధనలు ఇదే చూపించాయి. మనిషి ఎప్పుడూ ఇతరుల కంటే తనకే ముప్పు తక్కువనుకుంటాడు. తన అలవాట్లతో ఆపగలననుకున్న జబ్బుల్లోనూ, ఇంతవరకూ తనకు రాని జబ్బుల్లోనూ ఈ ధీమా మరీ ఎక్కువ. స్వెన్సన్ అనే పరిశోధకుడు 1981లో డ్రైవర్లను అడిగితే అమెరికన్లలో 93 శాతం మంది తాము సగటు కంటే బాగా నడుపుతామన్నారు. అందరూ సగటు పైన ఉండటం ఎలా కుదురుతుంది? "కావాలంటే రేపటి నుంచి ఉప్పు తగ్గిస్తాను, పొద్దున్నే నడుస్తాను, అదే దిగుతుంది" అనే మాట మీ ఇంట్లో ఎన్నిసార్లు వినిపించి ఉంటుందో నేను ఊహించగలను. ఉప్పు తగ్గించడం, నడక నిజంగా మేలు చేస్తాయి. కానీ ఏడాదిగా 170 దగ్గర ఉన్న బీపీకి అవి ఒక్కటే చాలవు. మందూ కావాలి.

"మొదలుపెడితే జీవితాంతం" అన్న ఆయన భయాన్ని తేలిగ్గా తీసేయకండి. బిళ్ల వేసుకున్న రోజున తాను రోగి అయిపోతాడు, ఒక డబ్బాకు బందీ అయిపోతాడు, ఇన్నాళ్లూ తన మాట విన్న ఒళ్లు ఇక తన మాట వినదని ఒప్పుకోవాలి. చాలామంది మగవాళ్లకు ఇది జబ్బు కంటే పెద్ద బాధ. అసలు విషయం ఇలా చెప్పండి: బిళ్ల అలవాటై వదలనిది కాదు, వదలనిది బీపీ. కళ్లజోడు పెట్టుకున్నంత మాత్రాన చూపు చెడిపోదు, తీస్తే అక్షరాలు మళ్లీ అలుక్కుపోతాయి, అంతే. బరువు తగ్గి, ఉప్పు తగ్గి, కొలత నెలల తరబడి కింద నిలిస్తే డాక్టరే మోతాదు తగ్గించవచ్చు. ఆ దారి తెరిచి ఉందని ఆయనకు తెలియాలి. సొంతంగా మానేయకూడదని కూడా.

ఇప్పుడు మీ వీడియోల సంగతి. భయపెడితే జనం మారతారన్నది మనందరికీ తోచే ఆలోచనే, సిగరెట్ పెట్టెల మీద బొమ్మల దాకా అదే నడుస్తోంది. కానీ భయం ఒక్కటే పనిచేయదు. 1965లో యేల్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ లెవెంతాల్, తోటివాళ్లు విద్యార్థులకు ధనుర్వాతం గురించి కరపత్రాలు ఇచ్చారు. కొన్ని బాగా భయపెట్టేవి, కొన్ని మెత్తగా చెప్పేవి. భయపెట్టేవి చదివినవాళ్లు టీకా వేయించుకోవాలని గట్టిగానే అనుకున్నారు. అనుకోవడం వేరు, వెళ్లడం వేరు. ఉత్త కరపత్రం అందుకున్నవాళ్లలో సుమారు 3 శాతం మందే వెళ్లారు. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో మ్యాప్ ఇచ్చి, ఏ రోజు ఏ వేళకు వెళ్తారో ముందే ఆలోచించుకోమన్నవాళ్లలో 28 శాతం మంది వెళ్లారు. ఆ విద్యార్థులకు ఆ కేంద్రం ఎక్కడుందో ముందే తెలుసు. అయినా తేడా వచ్చింది. భయం ఎక్కువా తక్కువా అన్నదాని వల్ల ఆ తేడా రాలేదు. చేయాల్సిన పని చిన్నదిగా, కచ్చితంగా, చేతికి అందేలా ఉండటం వల్ల వచ్చింది.

పని చూపించకుండా భయం మాత్రం పెంచితే మనిషి భయాన్నే వదిలించుకుంటాడు. వీడియో చూడడు, మాట మారుస్తాడు, "మా తాత చుట్ట తాగుతూ తొంభై ఏళ్లు బతికాడు" అంటాడు, "రాసిపెట్టి ఉంటే ఎవరు ఆపుతారు" అంటాడు. లేదా చేతికి దొరికిన ఏదో ఒక పనిని పట్టుకుంటాడు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకు నాటు మందు కోసం వేలమంది ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడింది మూఢత్వం వల్ల మాత్రమే కాదు. బెడ్డు లేదు, ఆక్సిజన్ లేదు, టీకా దొరకడం లేదు. అప్పుడు తమ చేతిలో ఏదో ఒకటి ఉండాలన్న ఆరాటం అది. ఆ రోజుల్లో అక్కడ నిలబడ్డవాళ్లను ఎగతాళి చేసినవాళ్లను చూస్తే నాకు చాలా బాధేసేది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. వీడియోలు ఆపండి. చేతికి కట్టే డిజిటల్ బీపీ మెషీన్ ఒకటి కొనండి, మణికట్టుది వద్దు, మోచేతికి పైన కట్టేది. కొలిచే పని మీరు చేయకండి, ఆయన చేతికే ఇవ్వండి. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, మాట్లాడకుండా, పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు. ఒక వారం పుస్తకంలో రాయమనండి. తలనొప్పి లేని రోజున 172 తన కళ్లతో చూస్తే "నాకు తెలిసిపోతుంది" అన్న నమ్మకం దానంతటదే సడలుతుంది. మీరు చెబితే అది వాదన, మెషీన్ చూపిస్తే తన సొంత అనుభవం. వారం తర్వాత ఆ పుస్తకంతో డాక్టర్ దగ్గరికి వెళ్లండి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగర్, మూత్ర పరీక్ష, ఈసీజీ చేయించండి. ఏ మందు, ఎంత అన్నది అక్కడ తేలుతుంది. పీహెచ్‌సీలో ఈ మందులు ఉచితం, జన ఔషధి దుకాణాల్లో చాలా చవక. ఒకేసారి నెలకు సరిపడా తెచ్చి పెట్టండి, నాలుగేసి రోజులకు కొనకండి. ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు రాస్తే కొందరికి పాదాలు వాస్తాయి, అలా అయితే మానేయకుండా డాక్టర్‌కు చెప్పాలని ముందే చెప్పి ఉంచండి. ముందు చెప్పని చిన్న ఇబ్బంది వల్లే చాలామంది మందు ఆపేస్తారు. బిళ్ల వేళను పొద్దున కాఫీకో, పళ్లు తోముకోవడానికో ముడిపెట్టండి.

లాభం ఎంతో కూడా అంకెల్లోనే చెప్పండి. పైన ఉండే బీపీ అంకె 10 తగ్గితే పక్షవాతం ముప్పు దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని లక్షల మంది మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి తేల్చారు. అంకెలు చెప్పేటప్పుడు జాగ్రత్త. 1995 అక్టోబర్‌లో బ్రిటన్‌లో కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు రెట్టింపు అవుతుందని హెచ్చరిక వచ్చింది. నిజానికి అది 7,000 మందిలో ఒకరి నుంచి 7,000 మందిలో ఇద్దరికి పెరగడం. "రెట్టింపు" అన్న ఒక్క మాటకు హడలి ఎందరో మాత్రలు మానేశారు, మరుసటి ఏడాది సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. మీ నాన్నగారి వాట్సాప్‌లో "రెండింతలు", "మూడింతలు" అని ఏ వార్త వచ్చినా, "ఎంత నుంచి ఎంతకు?" అని అడగడం ఆయనకు నేర్పండి.

ఇంకో మాట, ఎందుకంటే ఈ సమాధానం చదివి ఎవరైనా "ఆరోగ్యం అంతా మన చేతుల్లోనే ఉంది" అనుకుంటారేమో. లేదు. శ్రీకాకుళం ఉద్దానంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసుకునే రైతులకు, కూలీలకు బీపీ, షుగర్ లేకపోయినా కిడ్నీలు పాడైపోతున్నాయి. దశాబ్దాలుగా వెతుకుతున్నా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి మంచినీళ్లు వచ్చాయి. నల్గొండలో బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయినవాళ్లకు "జాగ్రత్తగా ఉండాల్సింది" అని ఎవరు చెప్పగలరు? అక్కడ కావాల్సి వచ్చింది నది నీళ్లు తెచ్చే పైపు, అది ప్రభుత్వం చేతిలో ఉన్న పని. అలాంటి చోట "అలవాట్లు మార్చుకోండి" అనడం అన్యాయం, జబ్బుకు తోడు తప్పు కూడా వాళ్ల మీదే వేసినట్టవుతుంది. ఏది మన చేతిలో ఉందో, ఏది ఊరంతా కలిసి అడగాల్సిందో విడదీసి చెప్పడం డాక్టర్ల పని. మేము అది సరిగా చేయడం లేదన్నది నా గట్టి అభిప్రాయం.

వక్కపొడి గురించి ఇప్పుడే యుద్ధం పెట్టకండి. ఒకేసారి ఉప్పు, నడక, బిళ్ల, వక్క అన్నీ మీద పడేస్తే ఆయన అన్నీ వదిలేస్తారు. ముందు బీపీ కిందికి రానివ్వండి, ఆ విజయం ఆయనకు ధైర్యం ఇస్తుంది. అప్పుడు వక్క బదులు సోంపో, లవంగమో పెట్టండి. ఈలోగా నోరు తెరవడం కష్టమైతే, కారం తగిలి మండితే, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే పళ్ల డాక్టర్‌కు గానీ చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కు గానీ చూపించాలి.

ఈ లోపల ఏ రోజైనా మూతి ఒక పక్కకు వంకర పోయినా, ఒక చెయ్యి గానీ కాలు గానీ పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా టైమ్ చూసి రాసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ వల్ల వచ్చే పక్షవాతానికి ఆ గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. కాబట్టి ఆరెంపీ దగ్గరో, పసరు మందు దగ్గరో ఆగకుండా నేరుగా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీ దగ్గర ఆ ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో రాత్రివేళ కూడా ఇస్తారో ఇప్పుడే కనుక్కుని, ఆ నంబర్ అమ్మగారి ఫోన్‌లో కూడా వేసి పెట్టండి.